డార్సీ ఉత్తరం: ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో ఏది చూడాలి, ఎవరితో చూడాలి

మా చెల్లెలి కూతురు షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తోంది. కిందటి నెల ఒక శుక్రవారం సాయంత్రం పెరంబూరులో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగింది. "పెద్దమ్మా, ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ అని వెతికితే నాలుగైదు వస్తున్నాయి. ఏది చూడను?"

నేను తిరిగి రెండు ప్రశ్నలు వేశాను. ఎంత టైం ఉంది? పక్కన ఎవరు కూర్చుంటారు?

"ఇవాళ రాత్రే చూడాలి. అమ్మ కూడా చూస్తానంది."

దాంతో సగం తేలిపోయింది. మిగతా సగం తేలాలంటే కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. ఆ రాత్రి ఆ పిల్లకి చెప్పినదీ, చెప్పడానికి టైం చాలనిదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కథ తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇంగ్లండులో ఒక పల్లె. బెన్నెట్ దంపతులకు ఐదుగురూ ఆడపిల్లలే. ఆస్తి మగ వారసుడికే పోవాలన్న కట్టుబాటు ఉంది. తండ్రి కన్నుమూస్తే ఇల్లూ పొలమూ కాలిన్స్ అనే బంధువు పరమవుతాయి. అందుకే తల్లికి పగలూ రాత్రీ పెళ్లి సంబంధాల ధ్యాసే. రెండో కూతురు ఎలిజబెత్‌కి ఇరవై ఏళ్లు. చురుకైన పిల్ల. మనుషులు ఎలాంటి వాళ్లో ఇట్టే పసిగట్టగలనని ఆమెకు గట్టి నమ్మకం. ఏడాదికి పదివేల పౌన్ల రాబడి ఉన్న డార్సీ, మొదటి డాన్సులోనే ఆమె చెవిన పడేలా ఆమె అందాన్ని తీసిపారేస్తాడు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగుతుంది. వికమ్ అనే తియ్యటి మాటల సైనికుడు డార్సీ మీద లేనిపోనివి చెబితే నమ్మేస్తుంది. కొన్ని నెలల తర్వాత డార్సీ వచ్చి, మీ కుటుంబం నా స్థాయికి తగదని అంటూనే, పెళ్లి చేసుకోమని అడుగుతాడు. ఆమె కడిగేసి పంపిస్తుంది. మర్నాడు అతను ఒక ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోతాడు.

జేన్ ఆస్టెన్ ఈ నవలని 1813లో అచ్చు వేయించింది. మొత్తం 61 అధ్యాయాలు. డార్సీ పెళ్లి మాట ఎత్తడం 34వ అధ్యాయంలో, ఉత్తరం 35లో, దాన్ని ఆమె మళ్లీ మళ్లీ చదువుకోవడం 36లో. అంటే కథ సరిగ్గా సగం దాటిన చోట ఒక అమ్మాయి దారిలో నడుస్తూ ఒక కాగితం చదువుతుంది. మొదటిసారి కోపంతో చదువుతుంది. రెండోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆగుతుంది. వికమ్ చెప్పినవి గుర్తు చేసుకుని పక్కన పెట్టి చూసుకుంటుంది. ముఖ పరిచయం కూడా సరిగ్గా లేని మనిషికి తన ఇంటి గుట్టంతా చెప్పుకున్నవాడిని ఎలా నమ్మాను అని అడుగుతుంది, తనని తానే. ఇన్నాళ్లూ నేనెవరో నాకే తెలియలేదు అనుకుంటుంది. ఆ క్షణానికి ఆమెకు డార్సీ మీద ప్రేమ లేదు. తన తప్పు తనకు కనబడింది, అంతే. ప్రేమ అక్కడి నుంచి మొదలై చాలా నెమ్మదిగా వస్తుంది.

అందుకే నేను ఏ వెర్షన్‌నైనా తూచేది ఆ ఉత్తరంతోనే. ఆ కాగితం చదవడానికి ఆమెకు ఎంత సమయం ఇచ్చారు? చదివాక ఆమెలో ఏమైందో మనకు కనబడనిచ్చారా? మన సినిమాల్లో తొలిచూపులోనే గుండె జారిపోవాలి. ఈ కథలో తొలిచూపు ఇద్దరికీ తప్పే. ఆస్టెన్ దీనికి మొదట పెట్టుకున్న పేరే 'ఫస్ట్ ఇంప్రెషన్స్'. పెళ్లిచూపుల్లో అరగంట ఎదురెదురుగా కూర్చుని, కాఫీ చల్లారేలోగా ఒక మనిషిని తేల్చేసే అలవాటున్న మనవాళ్లు ఈ కథ తప్పకుండా చూడాలని నా కోరిక.

గర్విష్ఠి, బిడియస్తుడు

అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి 1995లో బీబీసీ తీసిన ఆరు ఎపిసోడ్ల సీరియల్. ఆండ్రూ డేవీస్ రాశాడు, సైమన్ లాంగ్టన్ తీశాడు. జెన్నిఫర్ ఈలీ ఎలిజబెత్, కోలిన్ ఫర్త్ డార్సీ. మొత్తం అయిదు గంటల పైచిలుకు. రెండోది 2005లో వచ్చిన సినిమా. దర్శకుడు జో రైట్. కీరా నైట్లీ, మాథ్యూ మక్‌ఫాడియన్. నిడివి రెండు గంటల ఏడు నిమిషాలు.

నిడివిలో తేడా అందరికీ తెలిసిపోతుంది. నాకు అంతకన్నా ముఖ్యమనిపించే తేడా ఇంకొకటి ఉంది. కోలిన్ ఫర్త్ డార్సీ గర్విష్ఠి. గదిలోకి వస్తే అందరికన్నా తాను ఒక మెట్టు పైన ఉన్నానని నమ్మే మనిషి. కిటికీ దగ్గర నిలబడి ఎవరినీ చూడకుండా నిలబడే ఆ తీరు చూస్తే మనకూ ఒళ్లు మండుతుంది. మక్‌ఫాడియన్ డార్సీ బిడియస్తుడు. నలుగురిలో మాట పెగలదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అతన్ని చూస్తే మొదటి నుంచే కాస్త జాలి కలుగుతుంది.

ఈ చిన్న తేడా కథనే మార్చేస్తుంది. బిడియస్తుడు మారనక్కరలేదు, ఎదుటివాళ్లకు అర్థమైతే చాలు. గర్విష్ఠి మాత్రం మారాలి. 2005 సినిమాలో ఎలిజబెత్ డార్సీని అర్థం చేసుకుంటుంది. 1995 సీరియల్‌లో ఎలిజబెత్ తనను తాను సరిదిద్దుకుంటుంది, డార్సీ కూడా తనను తాను సరిదిద్దుకుంటాడు. నవలలో ఉన్నది ఈ రెండోది.

దీనికి సాక్ష్యం రెండు వెర్షన్లలోనూ ఉన్న ఒక సీనే ఇస్తుంది. డార్సీ తల్లికి తోబుట్టువైన లేడీ కాథరిన్ ఇంట్లో ఎలిజబెత్ పియానో వాయిస్తుంటే డార్సీ దగ్గరికి వచ్చి, పరిచయం లేనివాళ్లతో సులువుగా మాట్లాడే విద్య నాకు లేదంటాడు. సీరియల్‌లో ఆమె వాయిస్తూనే బదులిస్తుంది: నా వేళ్లు కూడా గొప్ప వాద్యగత్తెల వేళ్లలా కదలవు, కానీ అది నా తప్పే అనుకుంటాను, నేను సాధన చేయలేదు కాబట్టి. మార్గశిరంలో సభల చుట్టూ తిరిగే చెన్నైవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కరలేదు. నా చిన్నప్పుడు అయనావరంలో వీణ నేర్పిన టీచరు గారు 'రాదు' అన్న మాట ఒప్పుకునేవారు కాదు. 'చేయలేదు అను' అనేవారు. 1995లో ఈ మాట డార్సీకి తగిలినట్టు మనకు తెలుస్తుంది, తర్వాత అతని నడతలో దాని ఫలితం కూడా కనబడుతుంది. 2005లో ఆ సీను బాగుంది, ఇద్దరి మధ్యా ఉద్వేగం పెరుగుతుంది, కానీ ఆ జవాబు 'సాధన చేయండి' అన్న ఒక్క ముక్కకు కుదించుకుపోయి గాలిలో కలిసిపోతుంది.

ఇక తిరస్కారం. సీరియల్‌లో ఇది పాదిరి అయిన కాలిన్స్ ఇంట్లో, ఒక మామూలు గదిలో జరుగుతుంది. డార్సీ అటూ ఇటూ పచార్లు చేస్తాడు, మాట దొర్లిస్తాడు, జవాబు అవుననే వస్తుందని ధీమాగా ఎదురు చూస్తాడు. ఆమె కాదన్నప్పుడు అతని ముఖంలో కనబడేది బాధ కన్నా ముందు ఆశ్చర్యం. సినిమాలో అదే సీను కుండపోత వానలో, రాతి మండపం కింద. విల్ట్‌షైర్‌లోని స్టవర్‌హెడ్ తోటలో తీశారు. ఇద్దరూ తడిసి ముద్దయి ఉంటారు, ముఖాలు దగ్గరవుతాయి, తిట్టుకుంటూనే ముద్దు పెట్టుకుంటారేమో అన్నంత దగ్గరగా వస్తారు. మనసుని కుదిపేసే సీను, కాదనను. కానీ అది చూస్తున్నప్పుడు వీళ్లు ఎప్పుడో ప్రేమలో పడిపోయారు, ఒప్పుకోవడమే తరువాయి అనిపిస్తుంది. నవలలో ఆ రోజు ఎలిజబెత్‌కి అతని మీద ఉన్నది అసహ్యం. అసహ్యం నుంచి ప్రేమ దాకా ఎంత దూరమో చూపించాలంటే, ముందు ఆ అసహ్యం నిజమై ఉండాలి.

ఉత్తరం దగ్గరికి వస్తే సీరియల్ ఎక్కడికో వెళ్లిపోతుంది. మూడో ఎపిసోడ్ తిరస్కారంతో ముగుస్తుంది. నాలుగోది మొదలవగానే డార్సీ బసకు తిరిగి వెళ్లి, రాత్రంతా కూర్చుని ఉత్తరం రాస్తాడు. వికమ్ ఎలాంటివాడో, డార్సీ చెల్లెలు జార్జియానాకు ఏం జరగబోయిందో అతని జ్ఞాపకాలుగా మనం చూస్తాం. పొద్దున్న ఉత్తరం ఎలిజబెత్ చేతికి వస్తుంది. ఆమె చదువుతుంది, కోపంతో విసురుగా లేస్తుంది, మళ్లీ చదువుతుంది. అక్క జేన్‌ని ఆమె ఇష్టపడిన బింగ్లీ అనే తన స్నేహితుడి నుంచి డార్సీ విడదీయడం ఆమె ఇప్పటికీ క్షమించదు. అది కూడా న్యాయమే. కానీ వికమ్ విషయంలో తనదే పొరపాటని ఆమె ముఖం ఒప్పుకుంటుంది. జెన్నిఫర్ ఈలీకి ఆ పాత్రకి బాఫ్టా ఉత్తమ నటి అవార్డు వచ్చింది. నన్నడిగితే ఒక్క ఈ ఉత్తరం చదివిన తీరుకే ఇచ్చి ఉండొచ్చు.

సినిమాలో ఉత్తరానికి రెండు మూడు నిమిషాలు. ఎలిజబెత్ అద్దం ముందు నిలబడి తనలో తాను మునిగి ఉంటే డార్సీ వచ్చి ఉత్తరం పెట్టి వెళతాడు. వెలుగు మారుతుంది, అతని గొంతు వినిపిస్తుంది. అద్దం పెట్టడం మంచి ఆలోచన. తనని తాను చూసుకోవడాన్ని ఒక్క బొమ్మలో చెప్పేశారు. రెండు గంటల్లో చెప్పాలంటే ఇంతకన్నా మంచి దారి లేదేమో. అయినా నాకు ఆకలి తీరలేదు.

పెంబర్లీ మెట్లు, ఒక తల్లి అరుపులు

డార్సీ ఇల్లు పెంబర్లీ. అత్తా మేనమామలతో ఊళ్లు చూడటానికి వెళ్లిన ఎలిజబెత్ ఆ ఇంటిని చూస్తుంది. అక్కడ పనిచేసే పెద్దావిడ తమ యజమాని గురించి చెప్పే మాటలు విని నిర్ఘాంతపోతుంది. చిన్నప్పటి నుంచి అతని నోట ఒక్క కటువు మాట వినలేదంటుంది ఆవిడ. డబ్బున్నవాడి మంచితనం తెలియాలంటే అతని ఇంట్లో పనిచేసేవాళ్లని అడగాలన్నది మా అమ్మమ్మ మాట కూడా. సీరియల్‌లో ఈ ఇల్లు చెషైర్‌లోని లైమ్ పార్క్, సినిమాలో డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్. నవలలో ఎలిజబెత్ డార్సీ చిత్రపటం ముందు నిలబడి చాలాసేపు చూస్తుంది. సీరియల్ అదే ఉంచింది. సినిమా దాన్ని పాలరాతి విగ్రహాల గదిగా మార్చింది. ఇక్కడ మాత్రం నా ఓటు సినిమాకే. అన్ని తెల్లటి బొమ్మల మధ్య నడిచి నడిచి ఆమె అతని ముఖం ముందు ఆగడం, అంతవరకు రాయి అనుకున్న మనిషిని మొదటిసారి తీరిగ్గా చూడటం, ఎంత బాగా తీశారో!

సీరియల్‌లో డార్సీ చెరువులో ఈది తడి చొక్కాతో ఎదురయ్యే సీను గురించి జనం ముప్ఫై ఏళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అది నవలలో లేదు. నన్ను అడిగితే ఆ తర్వాత వచ్చే చిన్న సీను చూడమంటాను. డార్సీ గబగబా బట్టలు మార్చుకుని వచ్చి, వ్యాపారం చేసుకునే ఆమె మేనమామని మర్యాదగా పలకరిస్తాడు, చేపలు పట్టుకోవడానికి రమ్మంటాడు. కొన్ని నెలల కిందట ఇదే కుటుంబం తక్కువది అన్నాడు. మారాను అని అతను ఎక్కడా చెప్పడు. ఆమె మనసు మారినట్టు మనకు మొదట తెలిసేది కూడా ఇక్కడే. ముందు గౌరవం, తర్వాత కృతజ్ఞత, ఆ తర్వాతే ఇంకేదైనా. ఆస్టెన్ ఆ వరుసలోనే రాసింది.

తల్లి పాత్ర విషయంలో నా మనసు రెండుగా ఉంటుంది. 1995లో అలిసన్ స్టెడ్‌మన్ చేసిన మిసెస్ బెన్నెట్ అరుస్తుంది, కేకలు వేస్తుంది, పరువు తీస్తుంది. 2005లో బ్రెండా బ్లెథిన్ అదే పాత్రని మెత్తగా చేసింది. ఆవిడ వెనకాల ఒక భయం కనబడుతుంది. మా అమ్మతో కలిసి సీరియల్ చూసినప్పుడు ఆవిడ ఒకే ఒక మాట అంది. "ఐదుగురు ఆడపిల్లల తల్లి అరవకపోతే ఇంకెవరు అరుస్తారే?" ఆ తర్వాత నేను ఆ పాత్రని చూసే తీరు మారింది. తండ్రి పుస్తకాల గదిలో తలుపేసుకుని కూర్చుంటే, ఆ పిల్లల గురించి కంగారు పడింది ఆవిడొక్కతే.

ఆ భయం ఎంత నిజమో మన ఇళ్లలో తెలుసు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, తమిళనాడులో 1989 నుంచి వచ్చింది, అది కూడా అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకే. మా అమ్మకు 1971లో పెళ్లయింది. ఆవిడకు అందలేదు. దేశమంతటికీ 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చింది. కీరా నైట్లీ సినిమా ఇంగ్లండులో విడుదలైంది సరిగ్గా ఆ నెలలోనే. బెన్నెట్ల లాంగ్‌బోర్న్ ఇల్లు ఎవరిదవుతుందన్న మాట వచ్చినప్పుడల్లా మా అమ్మ టీవీ వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది.

షార్లెట్ గురించి కూడా చెప్పాలి. ఎలిజబెత్ స్నేహితురాలు, ఇరవై ఏడేళ్లు, అందగత్తె కాదు, డబ్బు లేదు. ఎలిజబెత్ వద్దన్న కాలిన్స్‌నే ఆమె పెళ్లి చేసుకుంటుంది. 2005లో షార్లెట్ స్నేహితురాలి ముందు నిలబడి, నాకు భయంగా ఉంది, నన్ను తప్పు పట్టకు అని చెప్పే సీను ఒక్క నిమిషం కూడా ఉండదు, కానీ సినిమాలో నన్ను ఏడిపించింది అదే. సీరియల్ వేరే దారిన వెళ్లింది. పెళ్లయ్యాక ఆమె ఇంటికి వెళ్తే, భర్త ఎక్కువగా రాని గదిని తన కోసం ఎంచుకుని, ఆయన్ని తోటపనికి ప్రోత్సహిస్తూ ప్రశాంతంగా బతుకుతున్న షార్లెట్ కనబడుతుంది. పెళ్లికి ముందు భయం కావాలా, పెళ్లి తర్వాత సర్దుబాటు కావాలా? రెండూ చూడండి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో షార్లెట్ గురించి మాట్లాడుకోవడం ఎలిజబెత్ గురించి మాట్లాడుకోవడం కన్నా అవసరం.

చివరి కలయిక దగ్గర రెండూ పూర్తిగా విడిపోతాయి. సినిమాలో తెల్లవారుజామున పొగమంచులో డార్సీ పొలాలు దాటుకుని నడిచి వస్తాడు. వెనక డారియో మరియనెల్లి సంగీతం. ఆమె అతని చేతులు పట్టుకుని చల్లగా ఉన్నాయంటుంది. చూసి కరగనివాళ్లు తక్కువ. సీరియల్‌లో ఇద్దరూ పట్టపగలు మామూలు దారిన నడుస్తూ మాట్లాడుకుంటారు. అతను అంటాడు: చిన్నప్పుడు నాకు మంచి సూత్రాలే నేర్పారు, కానీ వాటిని గర్వంతో పాటించేలా వదిలేశారు. నువ్వు ఆ రోజు అన్న మాట నన్ను ఎంత హింస పెట్టిందో నీకు తెలియదు. ఈ ఒప్పుకోలు సినిమాలో లేదు. ఒక మగవాడు తన పెంపకంలో లోపం ఎక్కడుందో పేరు పెట్టి చెప్పడం, అదీ తనని తిట్టిన అమ్మాయికి కృతజ్ఞతగా చెప్పడం, నేను ప్రేమకథల్లో వెతికేది దాని కోసమే.

మరి ఏది తీసుకోవాలి?

ఒకే రాత్రి ఉంది, ఇంట్లో రెండు మూడు తరాల వాళ్లు కూర్చుంటారు, అందులో ఒకరికి ఇంగ్లీషు అంతంత మాత్రం అంటే 2005 సినిమా పెట్టండి. మాట అందకపోయినా ముఖాలు, వాన, చేతుల కదలిక అర్థమవుతాయి. బింగ్లీ ఉండే నెదర్‌ఫీల్డ్ భవనం నుంచి వెళ్లేటప్పుడు ఎలిజబెత్‌ని బండి ఎక్కించి, వెనక్కి తిరిగి నడుస్తూ డార్సీ తన చేతి వేళ్లు చాచే షాట్‌కి ఏ భాషా అక్కరలేదు. ఒక్క జాగ్రత్త. అమెరికాలో విడుదలైన ప్రింటులో చివర పెంబర్లీలో కొత్త దంపతుల సీను ఒకటి అదనంగా ఉంటుంది, ముద్దుతో ముగుస్తుంది. ఇంగ్లండు ప్రింటు తండ్రి సంతోషం మీద ఆగుతుంది. నాకు తండ్రి దగ్గర ఆగేదే ఇష్టం. ఆ గదిలో డోనాల్డ్ సదర్‌లాండ్ కళ్లలో నీళ్లు తిరిగాక ఇంకే సీనూ అవసరం లేదు.

ఎవరి మీదో కోపంగా ఉన్నారా, ఎవరి గురించో గట్టి అభిప్రాయం ఏర్పరుచుకున్నారా, ఏదో సంబంధం విషయంలో టెన్షన్ పడుతున్నారా? అప్పుడు సీరియలే. ఒక్కరే చూడండి, లేదా ఆగి మాట్లాడుకోగలిగిన ఒక్క మనిషితో చూడండి. డైలాగులు బరువుగా ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలి. ఒకే రోజు ఆరు ఎపిసోడ్లూ లాగించేయొద్దు. బీబీసీలో అది ఆదివారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు వచ్చింది. కనీసం మూడో ఎపిసోడ్ అయ్యాక ఒక రోజు ఆపండి. ఆ తిరస్కారంతో ఒక రాత్రి గడపాలి. ఎవరిది తప్పు అని మీరే ఒక తీర్పు ఇచ్చుకుని పడుకోండి, తర్వాత ఉత్తరం చదవండి.

పుస్తకం మొత్తం చదివే తీరిక లేనివాళ్లు 34, 35, 36 అధ్యాయాలు మాత్రం చదివి ఆ తర్వాత ఏదైనా చూడండి. కోట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లి ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. నేను మా అమ్మాయిని అలాగే తీసుకెళ్లాను.

మిగతావాటి గురించి క్లుప్తంగా. 1940లో గ్రీర్ గార్సన్, లారెన్స్ ఒలివియర్‌తో హాలీవుడ్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా సరదాగా సాగుతుంది, మా మిస్సమ్మ చూసినట్టు ఇంటిల్లిపాదీ చూడొచ్చు. కానీ అందులో పెంబర్లీ ప్రయాణమే లేదు. చివర లేడీ కాథరిన్ కూడా మంచిదైపోతుంది. మారాల్సిన చోటు తీసేసి, మారనక్కరలేని మనిషిని మార్చారు. 2004లో గురిందర్ చడ్డా తీసిన బ్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో కథ అమృత్‌సర్‌కి వచ్చింది. ఎలిజబెత్ లలితగా మారింది, ఐశ్వర్యా రాయ్ చేసింది. డార్సీ హోటళ్ల వ్యాపారం చేసే అమెరికన్. అమెరికా నుంచి పెళ్లికూతురి కోసం వచ్చే కోహ్లీ పాత్రని చూస్తే మన ఎన్నారై సంబంధాలు గుర్తొచ్చి ఇల్లంతా నవ్వుతారు. పిల్లలకు మొదటి పరిచయంగా బాగుంటుంది. పాటల మధ్య మనసు మారడానికి చోటు తక్కువ.

ఇంగ్లీషు అసలు వద్దు, మన వాన, మన వీధి ఉండాలి అంటే ఆస్టెన్‌దే ఇంకో నవల, సెన్స్ అండ్ సెన్సిబిలిటీ వైపు రండి. రాజీవ్ మేనన్ 2000లో తమిళంలో తీసిన కండుకొండేన్ కండుకొండేన్ దాని ఆధారంగానే వచ్చింది. తెలుగులో ప్రియురాలు పిలిచింది పేరుతో డబ్ అయింది. కారైక్కుడి పెద్దింట్లో పెరిగిన అక్కాచెల్లెళ్లు ఆ ఇల్లు పోగొట్టుకుని మద్రాసు వస్తారు. అక్క సౌమ్యగా టబు, చెల్లెలు మీనాక్షిగా ఐశ్వర్యా రాయ్. పాటలు ఏ.ఆర్. రెహమాన్‌వి. మా తరానికి ఈ సినిమా ఎంత దగ్గరో చెప్పలేను. ఊళ్లో బడి నడిపిన సౌమ్య ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, అక్కడి నుంచి పైకి ఎక్కుతుంది. ఆ రోజుల్లో ఊళ్ల నుంచి ఈ నగరానికి వచ్చిన ఎంతోమంది ఆడపిల్లల దారి అదే.

ఇందులో ఉత్తరానికి సాటి వచ్చే చోటు వాన సీను. కవిత్వం చదివే అందగాడు శ్రీకాంత్ తన కోసం డబ్బున్న పెళ్లిని ఎంచుకున్నాక, మీనాక్షి జోరువానలో నడుస్తూ మూత లేని మ్యాన్‌హోల్‌లో పడిపోతుంది. కాలు పోగొట్టుకున్న మాజీ సైనికుడు బాలా, అంటే మమ్ముట్టి, ఆమెను కాపాడతాడు. ఇంగ్లీషు నవలలో ఆ చెల్లెలికి జ్వరం వస్తుంది, 1995లో ఆంగ్ లీ తీసిన ఇంగ్లీషు సినిమాలో కొండ మీద వానలో తడుస్తుంది. మద్రాసు వానాకాలం తెలిసిన ఎవరికైనా మ్యాన్‌హోల్ ఎంత సరైన ఎంపికో అర్థమవుతుంది. ఆ తర్వాత ఆమె బాలా వైపు తిరగడం కొంచెం తొందరగా జరిగిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆంగ్ లీ సినిమాలో కేట్ విన్స్‌లెట్, అలన్ రిక్‌మన్ పక్కన కూర్చుని అతను చదివే కవిత వినే నాలుగు క్షణాలు ఆ దూరాన్ని పూడుస్తాయి. ఎమ్మా థాంప్సన్‌కి స్క్రీన్‌ప్లే ఆస్కార్ వచ్చింది అందుకే అనుకుంటాను, అలాంటి క్షణాల కోసమే. కానీ అక్కా చెల్లెలూ కలిసి చూడాలంటే నేను తమిళ సినిమానే చెబుతాను. టబు ఏడుపు ఆపుకునే సీను దగ్గర నేనూ మా చెల్లెలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోం, చేతులు పట్టుకుంటాం.

ఒక మాట. ఓటీటీల్లో ఇవన్నీ వస్తూ పోతూ ఉంటాయి. కూర్చోబోయే ముందు ఉందో లేదో చూసుకోండి. సీరియల్‌ని ముక్కలు కోసి పెట్టిన వీడియోలు చూడొద్దు. చెరువు సీను ఒక్కటీ చూసి డార్సీ ఎలాంటివాడో తేల్చుకోవడం అంటే వికమ్ మాట విని తేల్చుకోవడం లాంటిదే.

ఆ శుక్రవారం రాత్రి మా చెల్లెలూ, దాని కూతురూ మా ఇంట్లోనే 2005 సినిమా చూశారు. మా అమ్మ షార్లెట్ సీను దాకా మేలుకుని, తర్వాత నిద్రపోయింది. ఆదివారం ఆ పిల్ల తన గదికి వెళ్లి సీరియల్ మొదలుపెట్టింది. రోజుకి ఒకటి చొప్పున. మంగళవారం రాత్రి పదిన్నర దాటాక ఫోన్ వచ్చింది.

"పెద్దమ్మా, మూడోది అయిపోయింది. ఈ అమ్మాయి అన్నదాంట్లో సగం తప్పు కదా? సినిమా చూసినప్పుడు నాకు అలా అనిపించలేదు. నాలుగోది ఇప్పుడే పెట్టేయనా?"

రేపటిదాకా ఆగమన్నాను.